అంబాసిడర్, ఫియట్ కాలం బళ్లు తోలినవాళ్లు ఉన్నారా? ఎలా తోలేవారో చెప్పండి

గోదారిగట్టు (రాజమండ్రి):

మా తాతగారి అంబాసిడర్ మార్క్ 3, 1977 మోడల్, ఊళ్లో ధాన్యం కొట్టు పక్కన రేకుల షెడ్డులో ఉంది. తాతగారు పోయాక నాన్నగారు కొన్నేళ్లు తిప్పారు, తర్వాత మోకాళ్ల నొప్పులతో ఆయనా ఆపేశారు, అప్పట్నుంచి టార్పాలిన్ కప్పి అలాగే ఉంచాం. ఇంజన్ పట్టేయలేదు, మొన్న ముందు నుంచి హాండిల్ పెట్టి తిప్పితే కదిలింది. అమ్మేయండి అని ఇంట్లో సగం మంది అంటున్నారు, పాత ఇనుము లెక్కన బేరానికి కూడా వచ్చారు ఇద్దరు ముగ్గురు. నాకు మనసొప్పట్లేదు.

నేను తోలిందంతా పవర్ స్టీరింగ్ బళ్లే. ఇందులో చూస్తే గేర్ రాడ్ స్టీరింగ్ కింద ఉంది, డిమ్ డిప్ స్విచ్చి నేల మీద కాలితో నొక్కేది, ముందు సీటు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే. యూట్యూబ్‌లో చూశాను గానీ అన్నీ పాలిష్ కొట్టి చుట్టూ తిప్పి చూపించే వీడియోలే, తోలేటప్పుడు చేతికి కాలికి ఏం తెలుస్తుందో ఎవరూ చెప్పట్లేదు. నా కోరిక ఏంటంటే బండి బాగుచేయించి నాన్నగారిని పక్కన కూచోబెట్టుకుని రావులపాలెం, రాజోలు మీదుగా అంతర్వేది తీసుకెళ్లాలి. రోజూ ఇలాంటి బళ్లు తోలినవాళ్లు ఎలా తోలేవారు, ఏది కష్టంగా ఉండేది, ఏది హాయిగా ఉండేది, గుర్తున్నదంతా రాయండి ప్లీజ్. ఎంత పొడుగున్నా చదువుతాను.

పాత టాక్సీ స్టాండ్:

బాబూ, నేను మీ ఊళ్లోనే స్టేషన్ ఎదురుగా టాక్సీ తోలినవాణ్ణి. మార్క్ 2 తోలాను, మార్క్ 3 తోలాను, తర్వాత డీజిల్ మార్క్ 4 కూడా తోలాను, ఇప్పుడు మనవడి ఫోన్లో టైపు చేస్తున్నా.

ముందు పొద్దున్నే స్టార్ట్ చేయడం దగ్గర్నుంచి చెప్తా. ఆయిల్ గేజీ తీసి చూడాలి, రేడియేటర్ మూత తీసి నీళ్లు చూడాలి, ఇది రోజూ, మానకూడదు. చోక్ లాగి యాక్సిలేటర్ ఒకటి రెండు సార్లు తొక్కి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది, అందుకోగానే చోక్ మెల్లగా లోపలికి నెట్టేయాలి, మర్చిపోయి అలాగే ఉంచితే ప్లగ్గులు నల్లగా మసి పట్టేస్తాయి. చలికాలం బ్యాటరీ వీక్‌గా ఉంటే హాండిలే గతి. హాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి, చుట్టూ బిగించి పట్టుకోకూడదు, ఎప్పుడూ కింద నుంచి పైకి లాగాలి తప్ప పై నుంచి కిందికి ఒత్తకూడదు. ఇంజన్ వెనక్కి తన్నిందంటే మణికట్టు ఎగిరిపోతుంది, మా స్టాండ్‌లో అలా చెయ్యి విరగ్గొట్టుకున్నవాళ్లని చూశాను.

గేర్ల సంగతి. స్టీరింగ్ గేరు కొత్తవాళ్లకి భయం గానీ రెండ్రోజుల్లో చెయ్యి దానంతట అదే పోతుంది. ఒక వరసలో రెండు గేర్లు పైకీ కిందికీ, ఇంకో వరసలో రెండు, అంతే. గుర్తు పెట్టుకోవాల్సింది ఫస్టు గేరు. దానికి సింక్రో, అంటే గేరు పళ్ల వేగాలు దానంతట అదే కలిపే ఏర్పాటు, లేదు, రెండు మూడు నాలుగుకే ఉంది. బండి పూర్తిగా ఆగితేనే ఫస్టు వెయ్యాలి. ఎత్తు మీద బండి ఇంకా కదుల్తుండగా ఫస్టు కావాల్సొస్తే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, యాక్సిలేటర్ కొంచెం రేజ్ చేసి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటాం. ఆ రేజింగ్ ఎంతివ్వాలో మీటర్ చూసి తెలీదు, చెవితో వినాలి. సరిగ్గా ఇచ్చావంటే రాడ్ వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది, తేడా వస్తే గర్ర్‌మని పళ్లు అరుస్తాయి, వెనక కూచున్న పాసింజరు కూడా ఉలిక్కిపడతాడు. ఇంకోటి, బండి పాతబడేకొద్దీ గేర్ లింకేజీ బుష్షులు అరిగిపోయి రెండు గేర్ల మధ్యలో రాడ్ ఇరుక్కుపోతుంది. కంగారు పడక్కర్లేదు, బానెట్ ఎత్తి కింద లివర్లు చేత్తో న్యూట్రల్‌కి తెచ్చేస్తే సరి, రోడ్డు మధ్యలో చేసినా నిమిషం పని. కొత్త బుష్షులు వేయించుకుంటే ఆ బాధే ఉండదు.

బ్రేకులు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఇప్పటి బండిలా కాలు ఆనించగానే ఆగదు. ముందు బండికి బాగా దూరం ఉంచాలి, ఏదన్నా అడ్డం రావచ్చు అనుకున్నప్పుడే కాలు బ్రేకు మీదికి వెళ్లిపోవాలి. వానలో గానీ వాగు దాటాక గానీ డ్రమ్ముల్లో నీళ్లు చేరి బ్రేకు పట్టదు, కొంత దూరం బ్రేకు మీద కాలు లైటుగా ఆనించి తోల్తే వేడికి ఆరిపోతుంది.

మారేడుమిల్లి ఘాట్ మీద భద్రాచలం సవారీలు వేసేవాళ్లం. శ్రీరామనవమికైతే వరసపెట్టి ఉండేవి. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు మీదే కన్ను, ముల్లు పైకి పోతోందంటే వాగు కనపడ్డ చోట పక్కకి తీసి బానెట్ ఎత్తి పెట్టేవాళ్లం. పాసింజర్లు దిగి కాళ్లూ మొహం కడుక్కునేవారు. రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకూడదు, ముట్టుకుంటే గోనెపట్టా మడత పెట్టి సగం తిప్పి ఆవిరి పోనిచ్చి అప్పుడు తియ్యాలి. దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాలి. బ్రేకు మీదే ఆధారపడి దిగితే సగం ఘాట్‌కే లైనర్లు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు.

హాయి ఏంటి అని అడిగావు కదా. ఆ సీటే హాయి. వెనక సీట్లో పంచె కట్టుకున్న పెద్దాయన కాళ్లు బార్లా చాపుకుని కూచోవచ్చు, పురిటికెళ్లే ఆడపిల్లని పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చు, గోతుల్లో కూడా కమాన్‌ కట్టలు అంత మెత్తగా మోసేవి. నా బండిలో ఎంతమంది పెళ్లికూతుళ్లు అత్తారింటికి వెళ్లారో. ఆ బండి అమ్మకు బాబూ.

కృష్ణలంక పద్మజ:

టాక్సీ స్టాండ్ గారూ, చదువుతుంటే కళ్లముందు కనిపించిందండి. నేను ఫియట్ మీద నేర్చుకున్నాను, ప్రీమియర్ పద్మిని, లేత నీలం రంగు. ఎనభైల్లో విజయవాడలో ఆడవాళ్లు కారు తోలడం అంటే సిగ్నల్ దగ్గర పక్క రిక్షా ఆయన కూడా తల తిప్పి చూసేవాడు. మా నాన్నగారే నేర్పించారు, తెల్లవారుజామున కాలవ గట్టు మీద, ఎదురుగా ఎవరూ రాని టైములో.

అంబాసిడర్ కంటే ఫియట్ చిన్నది, 1089 సీసీ ఇంజనే, కానీ చురుగ్గా ఉండేది. దానికీ స్టీరింగ్ గేరే, ఫస్టు గేరుకి సింక్రో లేకపోవడమూ అంతే. ఆగి ఉన్న బండికి స్టీరింగ్ తిప్పాలంటే మాత్రం భుజాలు లాగేసేవి. నాన్నగారు చెప్పిన చిట్కా ఏంటంటే నిలబడ్డ బండికి స్టీరింగ్ తిప్పొద్దు, కొంచెం కదలనిచ్చి అప్పుడు తిప్పు, సగం బరువు పోతుంది అని. గోదారిగట్టు గారూ, మీకు ఇది చాలా పనికొస్తుంది. పార్కింగ్‌లో పవర్ స్టీరింగ్ అలవాటుతో ఆపేసి తిప్పితే మీ చేతులకీ కష్టం, బండి కింద జాయింట్లకీ కష్టం.

ప్రకాశం బ్యారేజీ మీద తోలడం అప్పట్లో పెద్ద పరీక్ష నాకు. ముందు ఎద్దుబండి, వెనక ఆర్టీసీ బస్సు హారన్, ఎద్దుబండి స్పీడుకి బండి ఆగిపోకుండా హాఫ్ క్లచ్ మీద పాకించాలి. మే నెల ఎండకి అక్కడే ఇంజన్ ఆగిపోయేది, సెల్ఫ్ తిరుగుతుంది గానీ అందుకోదు. ఫియట్‌లో పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కదండీ, ఆ వేడికి లైన్లో పెట్రోలు ఆవిరైపోయి పంపు లాగలేదు. అందుకే డిక్కీలో ఒక నీళ్ల సీసా, పాత తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. తువ్వాలు తడిపి పంపు మీద వేసి కాసేపు ఆగితే మళ్లీ మామూలే. నేను బానెట్ ఎత్తి తువ్వాలు పరుస్తుంటే వెనక బస్సులోంచి జనం దిగి వచ్చి చూసేవారు, ఎవరైనా సాయం చేస్తామన్నా నాన్నగారు వద్దు, అమ్మాయి చేసుకుంటుంది అనేవారు. ఆ మాట ఇచ్చిన ధైర్యం ఇప్పటికీ ఉంది నాకు.

చేతి సిగ్నళ్లు కూడా అలవాటు చేసుకోండి. పాత బళ్ల ఇండికేటర్ లైట్లు పగలు ఎండలో సరిగా కనపడవు, వెనకవాళ్లకి చెయ్యి కనపడుతుంది.

ఓరుగల్లు గ్యారేజ్:

అన్నా నమస్తే, హన్మకొండల మాది గ్యారేజ్, మా బాపు కాలం నుంచి అంబాసిడర్లు, జీపులు చేస్తున్నం. పైన పెద్దమనిషి తోలుడు గురించి మంచిగ చెప్పిండు, నేను బండి లేపుడు గురించి చెప్త. ఆత్రపడి సెల్ఫ్ కొట్టకు. ముందుగాల ప్లగ్గులు ఊడబీకి ఒక్కో రంధ్రంల జర ఇంజన్ ఆయిల్ పోసి ఒక పూట వదిలెయ్, తర్వాత హాండిల్‌తోని చేత్తో తిప్పు. ట్యాంక్‌ల ఉన్న పాత పెట్రోలు మొత్తం పారబొయ్యాలె, మూత తీస్తే వార్నిష్ వాసన వస్తది చూడు, అది కార్బొరేటర్ల జెట్లు మూసేస్తది. ట్యాంక్ దింపి కడిగించు, లోపల తుప్పు పొడి ఉంటది. రబ్బరు పైపులన్నీ మార్చు, పంపు డయాఫ్రమ్ కూడ, ఎందుకంటే ఇప్పుడు బంకుల్ల వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, గప్పటి రబ్బరు దానికి ఆగదు, మెత్తబడి పగుల్తది. పెట్రోలు లీకైతే ఇంజన్ మీదనే పడ్తది, గది మస్తు డేంజర్.

ఇంకో ముచ్చట చానామందికి తెల్వది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నరు. 1977 ఇంజన్ సీసం ఉన్న పెట్రోలుకు చేసింది, ఆ సీసం వాల్వ్ సీట్లను, అంటే వాల్వులు మూసుకునే కాడ ఆనే అంచులను, కాపాడేది. గందుకే హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించినరా లేదా చూడు. లేకపోతే మెల్లమెల్లగ సీట్లు అరిగి ట్యాపెట్ గ్యాప్ తగ్గుకుంట వస్తది, బండి లాగదు. ఊర్ల మెల్లగ తిప్పితే తొందరగ ఏం కాదు గని లాంగ్ పోతే మాత్రం తెలుస్తది.

పాయింట్ల సంగతి, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే స్విచ్చి లాంటి దాని సంగతి, నేర్చుకో అన్నా, ఇది నీ చేత్తో నువ్వే చెయ్యాలె. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ రెండు క్లిప్పులు ఊడదీస్తే లోపల రోటర్ ఉంటది, దాని కింద చిన్న పాయింట్లు రెండు ఒకదానికొకటి తగిలి విడిపోతుంటయ్. నిప్పురవ్వలకు అవి నల్లగైతయ్, గుంటలు పడ్తయ్. సన్న ఎమిరీ పేపర్ మధ్యల పెట్టి మెల్లగ రుద్ది, ఫీలర్ గేజీతోని గ్యాప్ సెట్ చెయ్యాలె, సుమారు 15 థౌ, అంటే ఇంచీల వెయ్యో వంతులు పదిహేను, ఉంటది. మా బాపు ఫీలర్ గేజీ లేకుంటే పోస్ట్‌కార్డు ముక్క పెట్టి సెట్ చేసేటోడు, బండి ఇంటికి చేరేది. నడుస్తున్న బండి ఠక్కున ఆగిపోతే ఫస్టు ఇదే చూడు, తర్వాత కండెన్సర్ చూడు. ఒక కొత్త కండెన్సర్, ఒక పాయింట్ సెట్, ఫ్యాన్ బెల్ట్ ఒకటి డ్యాష్‌బోర్డు అరల ఎప్పటికీ ఉండాలె.

బ్రేకుల మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు నాలుగు విప్పి కప్పులన్నీ కొత్తవి వెయ్యాలె, ఇండ్ల పైసలు మిగిలించుకోవద్దు. టైర్లు బయటికి మంచిగ కనిపించినా పక్కలకు సన్న పగుళ్లుంటే తీసెయ్. 15 ఇంచీల రిమ్ము దానిది, టైర్లు దొరుకుతయ్. కింగ్ పిన్నులకు, జాయింట్లకు గ్రీజు గన్‌తోని కొత్త గ్రీజు బయటికొచ్చేదాక కొట్టించు, స్టీరింగ్ సగం తేలికైతది. బ్యాటరీ పెట్టేముందు ఏ టెర్మినల్ బాడీకి పోతుందో చూసి పెట్టు, పాత బళ్లల్ల కొన్ని పాజిటివ్ ఎర్త్ ఉంటయ్, తిరగేసి పెడితే డైనమో కాడ కష్టమైతది.

నెల్లూరు రెడ్డి:

హెరాల్డ్ గురించి ఎవరూ చెప్పలేదే. మా మామ దగ్గర ఉండేది, మద్రాసులో తయారైన బండి, స్టాండర్డ్ హెరాల్డ్. బానెట్ మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకి పడిపోతుంది, చక్రం మీద కూచుని ఇంజన్ పని చేసుకోవచ్చు. 25 అడుగుల్లో తిరిగిపోతుంది అబ్బయ్యా, ట్రంకు రోడ్డు మీద ఇంకే కారూ అలా ఒకే దెబ్బకి తిరిగేది కాదు. కానీ వెనక సస్పెన్షన్ స్వింగ్ యాక్సిల్, మలుపులో స్పీడు మీదుండి ఠక్కున యాక్సిలేటర్ వదిలితే వెనక చక్రాలు లోపలికి మడుచుకుని తోక విసిరేది. మామ మాకు తాళం ఇచ్చేముందు ప్రతిసారీ అదే చెప్పేవాడు, మలుపుకి ముందే తగ్గించు, మలుపులో కాలు ఎత్తొద్దు అని.

డెట్రాయిట్ తెలుగబ్బాయి:

నేను మిషిగన్‌లో ఉంటాను, మాది తణుకు. ఇక్కడ హికరీ కార్నర్స్ అనే ఊళ్లో గిల్మోర్ కార్ మ్యూజియం ఉంది, అక్కడ ఫోర్డ్ మోడల్ టీ తోలడం నేర్పిస్తారు, నిజం బండి, మన చేతికిస్తారు. వందేళ్ల నాటి బండి తోలాను కాబట్టి ఈ థ్రెడ్‌లో రాయొచ్చు అనుకుంటున్నా.

మోడల్ టీకి కింద మూడు పెడల్స్ ఉంటాయి, చూడగానే మన బండిలానే ఉంది అనిపిస్తుంది, అక్కడే ప్రమాదం. యాక్సిలేటర్ కాలికి లేదు, స్టీరింగ్ కింద కుడిపక్క లివర్, చేత్తో లాగాలి. ఎడమపక్క లివర్ స్పార్క్ టైమింగ్‌కి, స్టార్ట్ చేసేటప్పుడు వెనక్కి పెట్టి, ఇంజన్ అందుకున్నాక ముందుకి తేవాలి. కుడి పెడల్ బ్రేకు, మధ్యది రివర్సు, ఎడమది పూర్తిగా తొక్కితే లో గేరు, సగం తొక్కితే న్యూట్రల్, వదిలేస్తే హై గేరు. అంటే కంగారులో మనం క్లచ్ అనుకుని ఎడమ కాలు గట్టిగా తొక్కామనుకోండి, బండి ఆగదు, లో గేర్లో ముందుకి దూకుతుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్ బండి ఎక్కించకముందే కుర్చీలో కూచోబెట్టి చాలాసేపు కాళ్లతో ప్రాక్టీస్ చేయించాడు.

కదిలాక మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. 20 హార్స్ పవర్ ఇంజన్, 2.9 లీటర్లు, లో గేరులో మూలుగుతూ పోయి ఎడమ కాలు వదలగానే హై గేరు పట్టి ఒక్కసారిగా గొంతు దించేస్తుంది, శబ్దం అంతా మారిపోయి గాలి మాత్రమే తగులుతుంది. చక్రాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, రోడ్డు మీద చిన్న రాయి తగిలినా స్టీరింగ్‌లో తెలుస్తుంది. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైగా చేశారట ఈ బళ్లు. పెట్రోలు ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి పంపు లేకుండా వాలు మీదే దిగుతుంది, అందుకే బాగా నిటారు ఎత్తులు రివర్సులో ఎక్కించేవాళ్లు, ముందుకి ఎక్కిస్తే పెట్రోలు అందదు. టాక్సీ స్టాండ్ బాబాయ్ గారు హాండిల్ గురించి బొటనవేలు మాట చెప్పారే, ఇక్కడ ఆ అమెరికన్ ముసలాయన కూడా అచ్చం అదే చెప్పాడు, వేలు లోపల పెట్టు, పైకి లాగు అని. చదవగానే ఒళ్లు జలదరించింది నాకు.

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇవన్నీ ప్రింట్ తీసి నాన్నగారికి చదివి వినిపించాను. గేర్ లింకేజీ మాట రాగానే నవ్వేసి, రావులపాలెం సెంటర్లో తాతగారు బానెట్ ఎత్తి సరిచేసిన సంగతి మొదలెట్టారు, అరగంట చెప్పారు. గ్యారేజ్ అన్న చెప్పినట్టే ముందు బ్రేకులు, ట్యాంకు మొదలుపెడుతున్నా. ఒక డౌటు, కాగితాల సంగతి ఏంటి? ఆర్‌సీ ఎక్స్‌పైర్ అయి చాలా ఏళ్లయింది. వింటేజ్ నంబర్ తీసుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు.

కృష్ణలంక పద్మజ:

వింటేజ్ తొందరపడి తీసుకోకండి. ఆ రూల్ 2021లో వచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బళ్లకే, మీది 1977 అంటే 2027 దాకా అసలు అర్హతే రాదు. ఫీజు 20,000, నంబర్‌లో వీఏ అని అక్షరాలు వస్తాయి. ముఖ్యమైంది ఏంటంటే ఆ నంబర్ మీద రోజువారీ తిరగడానికి కుదరదు, ర్యాలీలకి, ఎగ్జిబిషన్‌కి, రిపేరుకి, పెట్రోలు కొట్టించుకోడానికి మాత్రమే. మీరు నాన్నగారిని తీసుకుని గుడికి వెళ్లాలంటే మామూలు ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవడమే మేలు, ఐదేళ్లకిస్తారు. ఫిట్‌నెస్ చూపించాలి కాబట్టి బ్రేకులు, లైట్లు, హారన్ అయ్యాకే ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్లండి, గ్రీన్ టాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం కూడా చూసుకోండి. బాడీ మార్చడం, వేరే ఇంజన్ ఎక్కించడం లాంటివి మాత్రం చేయొద్దు, రేపు వింటేజ్‌కి వెళ్దామన్నా అడ్డం పడతాయి.

పాత టాక్సీ స్టాండ్:

పద్మజమ్మ చెప్పింది కరెక్టు. బండి రెడీ అయ్యాక ఒక్కసారే అంతర్వేది పెట్టుకోకు బాబూ. ముందు ఊళ్లో పొలం రోడ్డు మీద ఫస్టూ సెకండూ అలవాటు చేసుకో, తర్వాత ధవళేశ్వరం దాకా వెళ్లి రా, బండి ఆపి నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ఏదైనా ఒకటి మిగతావాటికంటే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. పొద్దున్నే ఐదింటికి బయల్దేరితే ఎండెక్కేలోగా రాజోలు దాటేస్తావు. మీ నాన్నగారికి ముందు సీట్లో కిటికీ వైపు చిన్న దిండు పెట్టు, మోకాళ్లు చాపుకోడానికి చోటు బోలెడు ఉంటుంది.